మోటారు లేని మోటారు వాహనం

రేసు కారు ఉండి డబ్బా లేని మనిషికి సంఘంలో పరువు ఉండదు. డబ్బా అంటే టిఫిన్ డబ్బా కాదు. నాలుగు వైపులా మూసేసి, పైకప్పు వేసి, వెనక తలుపు కిందికి దించితే అదే ర్యాంపు అయ్యే ట్రైలర్. కారుని అందులోకి ఎక్కించి, నాలుగు మూలలా బెల్టులు బిగించి, తలుపు మూసి, ఇంకో బండికి తగిలించి లాక్కెళ్లాలి. పరిగెత్తడానికే పుట్టిన కారుని మోసుకెళ్లడమేమిటని కొందరు అజ్ఞానులు అడుగుతుంటారు. పెళ్లికొడుక్కి మాత్రం కాళ్లు లేవా? అయినా ఊరేగింపులో నడిపిస్తున్నామా?

నాది 2001 మోడల్ మారుతి ఎస్టీం. 1,298 సీసీ ఇంజను, ఒక్కటే సీటు, బండి పల్టీ కొట్టినా మనిషి నలక్కుండా ఇనప పైపుల రోల్ కేజ్. ఏసీ లేదు, కార్పెట్ లేదు, హారన్ లేదు. హారన్ లేని బండితో దిల్‌సుఖ్‌నగర్ దాటిన మనిషి చరిత్రలో లేడు. కాబట్టి డబ్బా అత్యవసరం. ఈ మాట మా ఆవిడతో పదకొండుసార్లు అన్నాను. పన్నెండోసారికి నాకే నమ్మకం కుదిరింది.

మోసుకెళ్లేది ఎక్కడికంటారా? మన ఊళ్లోనూ ఒక రేసు జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరిగెత్తాయి. 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు, గెలిచింది ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్. అవి ఎలక్ట్రిక్ కార్లు కాబట్టి పెద్ద చప్పుడు లేదు. రోడ్లు మూసేయడంతో ఇరుక్కుపోయిన మిగతా ఊరు హారన్లతో ఆ లోటు తీర్చింది. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. అందుచేత ఇప్పుడు ట్రాకంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై పోవాలి. ఇక్కణ్ణుంచి ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. అక్కడ ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, పది చుట్లు తిరిగితే 37. ముప్ఫై ఏడు కిలోమీటర్ల భాగ్యానికి రానూపోనూ పన్నెండు వందలా అని మా బావమరిది నోరు తెరిచాడు. తిరుపతిలో స్వామి ముందు నిన్ను ఎంతసేపు నిలబడనిచ్చారురా అని అడిగాను. మూశాడు.

ఇక లెక్కలు. కారుని లారీ మీద పంపితే ట్రిప్పుకి నలభై ఐదు వేలు. పాత డబ్బా మూడు లక్షల అరవై వేలు. అంటే ఎనిమిది ట్రిప్పులకి డబ్బా ఉచితం. ఏడాదికి ఒక ట్రిప్పు. డీజిలు, టోలు, టైర్లు, రిపేర్లు ఈ లెక్కలో వేయలేదు. అవి వేస్తే లెక్క పాడవుతుంది. పొదుపు చేద్దామని కూర్చున్నవాడు ఖర్చుల జోలికి పోకూడదు.

డబ్బా ఆటోనగర్లో ఒక యార్డులో దొరికింది. అమ్మేవాడు చాలా పెద్దమనిషి. "రెండంటే రెండే సార్లు చెన్నై పోయొచ్చింది సార్. మిగతాదంతా నీడలోనే ఉంది" అన్నాడు. నీడ ఎక్కడుందా అని చుట్టూ చూశాను. తుమ్మచెట్టు కూడా లేదు. పాత ట్రైలర్ కొనేటప్పుడు రంగు చూడకు, లోపలి నేల చూడు అని తెలిసినవాళ్లు చెప్పి పంపారు. స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపలికి దూరాను. కప్పు అతుకుల దగ్గర మొదలైన గోధుమరంగు చారలు గోడ వెంట కింద దాకా దిగాయి. అవి ఆగినచోట ప్లైవుడ్ మీద స్క్రూడ్రైవర్ ఆనించాను. నొక్కలేదు, ఆనించానంతే. పిడి దాకా దిగింది. బయటికి తీస్తే కొనకి తడి రంపపు పొట్టు లాంటిది అంటుకుంది, పుట్టగొడుగుల వాసన. "వెంటిలేషన్ సార్ అది" అన్నాడు పెద్దమనిషి.

టైర్లకి గ్రిప్పు కొత్తగా మెరుస్తోంది. కానీ టైరు వయసు గ్రిప్పులో తెలియదు, పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో తెలుస్తుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. వీటి మీద 3113 అని ఉంది. 2013లో ముప్ఫై ఒకటో వారం. తెలంగాణ రాకముందు టైర్లు! ట్రైలర్ టైర్లు తిరిగి అరగవు, నిలబడి నిలబడి ఎండకి పగులుతాయి. ఇది పట్టుకుని గట్టిగా బేరమాడదామనుకున్నాను. ఈలోగా మా బావమరిది లోపల నిలబడి, చేతులు బార్లా చాచి, "బావా, డబుల్ కాట్ పడుతుంది!" అన్నాడు. అమ్మేవాడి ముందు సరుకుని మెచ్చుకున్నాక ఇంకేం తగ్గుతాడు? రూపాయి తగ్గలేదు. జాలిపడి ఒక స్టెప్నీ ఇచ్చాడు. అది ఆ టైర్లకి పెద్దన్నయ్య.

కాగితాల దగ్గర ఒక సత్యం బోధపడింది. ట్రైలర్‌కి ఇంజను లేదు, స్టీరింగు లేదు, తనంతట తాను అంగుళం కదల్లేదు. అయినా 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటారు వాహనాల్లో ట్రైలర్‌నీ కలిపింది. దానికి వేరే నంబరు, వేరే ఆర్సీ. ఉమ్మడి కుటుంబాన్ని ఇంతగా అర్థం చేసుకున్న చట్టం ఇంకోటి ఉండదు. పైసా సంపాదన లేకపోయినా రేషన్ కార్డులో పేరున్న మేనమామ ఏ ఇంట్లో లేడు?

లాగడానికి బావమరిది స్కార్పియో. ఆటోనగర్లోనే మెకానిక్ దగ్గరున్న ఎస్టీంని డబ్బాలోకి ఎక్కించాం. ఇక్కడో శాస్త్రం ఉంది. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు హిచ్ బంతి మీద, అంటే లాగే బండికి తగిలించేచోట పడాలి. అంతకన్నా తగ్గితే డబ్బా తోక ఊపుతుంది. అందుకని కారుని ముక్కు ముందుకి పెట్టి, బరువు ఇరుసులకి ముందుండేట్టు కట్టాలి. నేను అలాగే కట్టాను. బావమరిది మాత్రం స్పేర్ చక్రాలు, జాకీ, పనిముట్ల పెట్టె, నాలుగు కేసుల వాటర్ బాటిళ్లు అన్నీ వెనక తలుపు దగ్గర సర్దాడు. "దింపేటప్పుడు ఈజీ బావా" అన్నాడు.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి ఘట్‌కేసర్ వైపు తిరిగాం. డెబ్బై దాటగానే ఒక కంటైనర్ లారీ పక్కనుంచి దూసుకుపోయింది. మూసిన డబ్బా గోడంటే తెరచాపే కదా, గాలి ముందు నెట్టింది, తర్వాత లాగింది. డబ్బా ఒకసారి ఎడమ అద్దంలో కనపడుతోంది, ఒకసారి కుడి అద్దంలో. బతుకమ్మ ఆడుతున్నట్టే ఉంది. అలాంటప్పుడు బండి బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. బావమరిది కాలు తీశాడు. దణ్ణం పెట్టడానికి చేతులు కూడా తీయబోతే నేను పట్టుకున్నాను. నలభైకి వచ్చాక ఊపు ఆగింది. ఆ తర్వాత ఇంటిదాకా నలభై దాటలేదు. వెనక వచ్చినవాళ్లందరూ మా అమ్మానాన్నల్ని పేరుపేరునా తలచుకున్నారు. ఉప్పల్లో చాయ్‌కి ఆగి చక్రం హబ్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. బేరింగుల్లో గ్రీజు చచ్చి ఎన్నాళ్లయిందో.

మేముండేది నాగోలులో, ఇరవై అడుగుల వీధి. హైదరాబాద్ గురించి రాసేవాళ్లందరూ నేల మీద గుంతల గురించే రాస్తారు, ఆకాశాన్ని పట్టించుకోరు. మా కాలనీలో స్తంభానికీ స్తంభానికీ మధ్య నల్లటి ఇంటర్నెట్ కేబుళ్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. కారుకి తగలవు, ఆటోకి తగలవు. డబ్బా ముందు మూలకి తగిలాయి. ఒకటి తెగి ఊరుకుంటే వేరు, అన్నీ కలిసే వచ్చాయి, పెళ్లికి చుట్టాలొచ్చినట్టు. రెండు నిమిషాల్లో బాల్కనీలన్నీ నిండిపోయాయి. వర్క్ ఫ్రం హోం చేసేవాళ్లు మా వీధిలో ఇంతమంది ఉన్నారని నాకు ఆరోజే తెలిసింది. ఒకతను లాప్‌టాప్ చేత్తో పట్టుకునే కిందికొచ్చాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ.

ఇక గేటులోకి రివర్స్. స్టీరింగు కుడికి తిప్పితే డబ్బా ఎడమకి పోతుంది. "రానీయుండ్రి సార్, రానీయుండ్రి, రైట్ కొట్టుండ్రి" అని వెనకనుంచి వాచ్‌మన్. అది ఎవరి రైటో తేలేలోగా డబ్బా అసలు కదలడమే మానేసింది. దీనికున్నది ఓవర్‌రన్ బ్రేకు. ముందు బండి నెమ్మదిస్తే డబ్బా వెనకనుంచి తోసుకొస్తుంది. ఆ తోపుకి హిచ్ రాడ్డు లోపలికి నొక్కుకుని డబ్బా చక్రాలకి బ్రేకు దానంతటదే పడుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ రివర్స్‌లోనూ దానికి అదే తోపు. లోపలికి రమ్మని పిలుస్తున్నామని తెలియక బ్రేకు వేసుక్కూర్చుంటుంది. పాత మోడళ్లలో ముందే దిగి చిన్న లివర్ ఒకటి వేయాలి. ఆ లివర్ ఎక్కడుందో వెతకడానికి నలభై నిమిషాలు పట్టింది. తుప్పు పట్టి అది కదలదని తెలియడానికి ఇంకో పది. గుమ్మంలో అలిగిన కొత్త అల్లుడు కూడా ఇంతసేపు నిలబడడు. చివరికి ఎస్టీంని దింపి, హిచ్ విప్పేస్తే, పన్నెండుమంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చేతుల్తో తోశారు. వాళ్లకి ఎలాగూ నెట్ లేదు.

ఈ అనుభవం మీద నేను ప్రభుత్వానికి చేసే సూచన ఒకటే: కాలనీకో డబ్బా ఉండాలి. మొదటి వారంలోనే పై ఫ్లోర్ వాళ్లు ఇల్లు మారడానికి అడిగారు. పక్క వీధి క్యాటరింగ్ ఆయన గుండిగలు పెట్టుకోవడానికి అడిగాడు. వినాయకుడి మండపం కుర్రాళ్లు ధూల్‌పేట నుంచి విగ్రహాన్ని వానకి తడవకుండా తెస్తామన్నారు. విగ్రహం పది అడుగులు, డబ్బా లోపల ఆరున్నర. దేవుణ్ణి పడుకోబెట్టి తేవచ్చా అన్నదాని మీద కమిటీ రెండుగా చీలింది, ఇంకా కలవలేదు. ఒక అబ్బాయి అయితే వచ్చి, లోపలంతా చూసి, "బ్యాచిలర్స్‌కి ఇస్తారా అంకుల్?" అన్నాడు. అద్దె ఎంతని కూడా అడగలేదు పాపం. రేసు కారు పెడతారా అని మాత్రం ఎవరూ అడగలేదు.

రేసుల సీజను వచ్చింది. ఎస్టీం లారీ మీద ఇరుంగాట్టుకోట్టై వెళ్లొచ్చింది, నలభై ఐదు వేలు. ఆ టైర్లతో డబ్బా అంత దూరం పోలేదు. పైగా వానాకాలం, డబ్బా నేల ఇప్పటికే మెత్తబడి ఉంది, ఇంకా తడిస్తే ఎలా? అందుకని దాన్ని మా కారు పార్కింగులో పెట్టి, పైన నీలం టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టాను. ఎస్టీం బయట వేపచెట్టు కింద ఉంటోంది. మొన్న గాలికి టార్పాలిన్ చిరుగుతోందని వాచ్‌మన్ చెప్పాడు. రేకుల షెడ్డు వేస్తే టార్పాలిన్ కూడా భద్రంగా ఉంటుందని బావమరిది అన్నాడు. నిజమే అనిపించింది. ఆటోనగర్ పెద్దమనిషికి ఫోన్ చేసి, పాత షెడ్డు ఏదైనా ఉందా అని అడిగాను.

"ఉంది సార్, ఫస్ట్ క్లాస్ మాల్" అన్నాడు. "రెండేళ్లుగా నీడలోనే ఉంది."