పట్టా ఇచ్చారు సరే, బరంపురంలో తట్ట దించుకునే చోటేది?

బస్తీవాళ్లకి పట్టాలిచ్చేశాం, ఇంకేం న్యాయం కావాలి అంటారు ఒడిశాలో చాలామంది. మంచి పనే, కాదనను. 2017లో చట్టం తెచ్చారు, 2018లో జాగా మిషన్ మొదలైంది, డ్రోన్లతో బస్తీలు కొలిచి భార్యాభర్తలిద్దరి పేరునా కాగితం ఇచ్చారు, అమ్ముకోడానికి లేదు గానీ పిల్లలకి దక్కుతుంది, బ్యాంకులో తాకట్టుకి పనికొస్తుంది. చాలా రాష్ట్రాలు ఇంతవరకూ రాలేదు.

కానీ ఆ ఇంట్లోంచి తెల్లారే తట్ట ఎత్తుకుని బయల్దేరే ఆవిడ ఎక్కడ కూర్చోవాలి? 2014 వీధి వ్యాపారుల చట్టం ఎంత గట్టిదో ఒడిశాలోని మన తెలుగువాళ్లలో చాలామందికి తెలీదు. వీధి వ్యాపారుల సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకి చోటు చూపించాలి, వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్నవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఐదేళ్లకోసారి వీళ్ల కోసం ప్లాన్ గియ్యాలి కూడా.

అసలు బతుకు పోయేది బుల్డోజర్ వచ్చిన రోజు కాదు, ఏ రోడ్డు ఎంత వెడల్పు చెయ్యాలో మ్యాప్ మీద గీత పడిన రోజే పోతుంది. ఒడిశా 1982 డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం ప్రకారం డ్రాఫ్ట్ ప్లాన్ బయటపెట్టి అభ్యంతరాలు అడగాలి, మరి అడిగితే వెళ్లేదెవరు? ప్లాట్లున్నవాళ్లు, లాయర్ని పెట్టుకోగలిగినవాళ్లు. కూరలమ్మే తెలుగావిడకి ఆ నోటీసు సంగతే తెలీదు.

నాకు అన్నిటికన్నా బాధ ఇక్కడే. 1936 ఏప్రిల్ 1 దాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, మనం ఎక్కడి నుంచో వచ్చినవాళ్లం కాదు, సరిహద్దే మన మీదుగా జరిగింది. అందరికీ ఒడియా వచ్చుగా అంటారు, బజార్లో బేరమాడే ఒడియా వేరు, ఏ స్థలం దేనికి వాడాలో చెప్పే జోనింగ్ నోటీసు చదివే ఒడియా వేరు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. ఉగాదికి ఇంతమందిని పోగుచేసే మన సంఘాలు ఒక్క ప్లాన్ మీదైనా తెలుగులో అభ్యంతరాలు రాయించాయా? రాయగడలో, పర్లాకిమిడిలో, గుణుపురంలో కూడా ఇదే అడుగుతున్నా.

ఈసారి డ్రాఫ్ట్ వస్తే ఆ మ్యాప్‌ని ముందు మార్కెట్లో గోడకి అంటించండి, ఎవరి చోటు ఎక్కడుందో వాళ్ల చేతే గుర్తు పెట్టించి, ఒక్కొక్కరి పేరునా తెలుగులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.