రెప్ప ఆపరేషన్ నచ్చకపోతే నెలలోపే మళ్లీ కోయించుకోవాలా?

కనురెప్పల అందం కోసం ఆపరేషన్ చేయించుకుని, ఫలితం నచ్చక బాధపడుతున్నవారికి సలహాగా ఒక సందేశం వాట్సాప్‌లో చేతులు మారుతోంది. దాని సారం ఇది: మచ్చ గట్టిపడితే ఇక ఎవరూ సరిచేయలేరు కాబట్టి నెల తిరక్కముందే మళ్లీ ఆపరేషన్ చేయించుకోవాలి, రెండోసారిది చిన్న పని, ఇంకాస్త చర్మం కోసి బిగిస్తే సరిపోతుంది, రెప్ప మడత మరీ పైకి పోతే దాని కింద మరో గీత పెట్టిస్తే దిగుతుంది, మొదట చేసిన డాక్టరు తప్ప వేరొకరు ఆ కంటిని ముట్టుకోరు, ఒక కన్ను తేడాగా ఉంటే ఆ ఒక్కదానికే చేయిస్తే చాలు. ప్రతి మాటలోనూ పిసరంత నిజం ఉంది కనుకనే నమ్మబుద్ధి అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది మొదటి మాట. మచ్చ రోజురోజుకీ గట్టిపడుతూనే పోతుందన్న ఊహ మీద అది నిలబడింది. జరిగేది అది కాదు. కోత పడినచోట శరీరం కొలాజెన్ అనే మాంసకృత్తుతో కొత్త పోగులను హడావిడిగా పేరుస్తుంది కాబట్టి మచ్చ ఎర్రగా, గట్టిగా, లాగుతున్నట్టుగా ఉండేది మొదటి మూడు నెలల్లోనే. ఆ తరవాత పోగులు సర్దుకుని, ఎరుపు తగ్గి, ఆరు నెలల నుంచి ఏడాది లోపల అది మెత్తబడుతుంది. కింది రెప్ప కొద్దిగా దిగినట్టుండటం, ఒక కన్ను మరోదానికన్నా వాచి చిన్నగా కనిపించడం వంటివి ఈ వ్యవధిలో చాలామందికి వాటంతట అవే సర్దుకుంటాయి. నెలలోపు కోయించుకునేవారు వాపును చూసి కొలతలు తీసుకున్నట్టే లెక్క. అందుకే తొందరపెట్టే కారణమేదీ లేనప్పుడు సర్జన్లు సాధారణంగా కనీసం ఆరు నెలలు ఆగమంటారు.

మినహాయింపులు ఉన్నాయి, వాటిని దాచకూడదు. ఆపరేషన్ తరవాత ఒక కంటిలో తీవ్రమైన నొప్పి, గుడ్డు ముందుకు పొడుచుకొచ్చినట్టు ఉండటం, చూపు మసకబారడం కనిపిస్తే అది కంటి వెనక రక్తస్రావం కావచ్చు. అలాంటప్పుడు లెక్క నెలల్లో కాదు, గంటల్లో కూడా కాదు, నిమిషాల్లో ఉంటుంది. కంటి బయటి మూలను కోసి ఒత్తిడిని దించకపోతే చూపు శాశ్వతంగా పోగలదు. ఇది అరుదైనదే గానీ వాట్సాప్‌లో సలహా అడుగుతూ కూర్చునే సమస్య కాదు. రెప్ప మూతపడక నల్లగుడ్డు ఎండిపోయి పుండు పడే ప్రమాదం ఉన్నప్పుడూ ఆరు నెలల నియమం వర్తించదు. మడత కుట్టు తప్పు ఎత్తులో పడిందని మొదటి కొద్ది రోజుల్లోనే స్పష్టంగా తెలిస్తే, పొరలు అతుక్కోకముందే సర్జన్ దాన్ని సవరించే వీలూ ఉంది. సందేశం రాసినవారు ఈ చివరి సందర్భాన్ని ఎక్కడో విని, దాన్నే అందరికీ నియమం చేసేశారని నా అనుమానం.

రెండో మాట, ఇంకాస్త కోసి బిగించడం. శరీరంలో అతి పల్చని చర్మం కనురెప్పదే. దాని మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కన్ను హాయిగా మూతపడాలంటే కనుబొమ్మ కింది అంచు నుంచి రెప్ప వెంట్రుకల దాకా సుమారు 20 మిల్లీమీటర్ల చర్మమైనా మిగలాలని సర్జన్లు పాటించే కొలత ఒకటి ఉంది. మొదటిసారి తీయగలిగినదంతా తీసేసి ఉంటే, రెండోసారి కోయడానికి మిగిలేది ఆ కనీస కొలతలోదే. రాత్రి నిద్రలో కన్ను సగం తెరిచి ఉండటం, ఉదయం ఇసుక పోసినట్టు మంట, ఎర్రదనం ఆ పొరపాటుకు గుర్తులు.

కింది రెప్ప విషయంలో ఈ సలహా మరీ ప్రమాదకరం. కంటి కింద ఉబ్బిన సంచులు తీయించుకున్నాక రెప్ప కిందికి దిగి నల్లగుడ్డు అడుగున తెల్లగుడ్డు కనిపిస్తుంటే, అక్కడ చర్మమో లోపలి పొరో కురచ అయిందని అర్థం. కురచైన దాన్ని మరింత కత్తిరించి పైకి తేవడం ఎవరివల్లా కాదు. మొదటి వారాల్లో డాక్టరు చూపించిన పద్ధతిలో రెప్పను పైకి నెట్టే మర్దన, అవసరమైతే మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. అప్పటికీ లేవకపోతే బయటి మూలను ఎముక పొరకు కట్టి రెప్పను నిలబెడతారు, లోపలి పొర కురచైతే అంగిలి నుంచి తీసిన పొరను ఆసరాగా పెడతారు, చర్మమే చాలకపోతే పై రెప్ప నుంచో చెవి వెనక నుంచో తెచ్చి అతుకు వేస్తారు. అంగిలి కోసి కంటికి పెట్టే పనిని చిన్న పని అనడానికి ధైర్యం కావాలి.

మడత దించే మాట మన దగ్గర పుట్టినది కాదు. మనలో ఎక్కువమందికి పై రెప్ప మడత పుట్టుకతోనే ఉంటుంది. ఇక్కడివారు ఎక్కువగా చేయించుకునేది వేలాడే చర్మం, కంటి సంచుల ఆపరేషన్. లేని మడతను తెప్పించే ఆపరేషన్ జపాన్‌లో మికామో అనే వైద్యుడు 1896లో కుట్లతో చేసి ప్రచురించినది; ఇవాళ దక్షిణ కొరియాలో అది అతి మామూలు విషయం. అక్కడి వీడియోల్లోని మాటలు ఇక్కడి కళ్లకు తగిలించడం వల్లే ఈ గందరగోళం. పోనీ అక్కడైనా మరో గీతతో పని జరగదు. ఎత్తుగా పడిన మడత అలాగే నిలిచిపోయేది చర్మం కింది కండరపు పొరకు అతుక్కుపోవడం వల్ల. ఆ అతుకు విడదీసి, మళ్లీ అంటుకోకుండా మధ్యలో కొవ్వు పొరను పరిచి, అప్పుడు కొత్త మడతను కిందికి కుట్టాలి. పాత అతుకును వదిలేసి కింద గీత గీస్తే మిగిలేది రెండు మడతలు.

వేరే డాక్టరు ముట్టుకోరన్న మాటకు పెద్ద జవాబు అక్కరలేదు. ఆక్యులోప్లాస్టీ అని రెప్పలకే ప్రత్యేకమైన విభాగం ఉంది. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ, చెన్నైలోని శంకర నేత్రాలయలోనూ అది నడుస్తోంది. కొత్త డాక్టరుకు కావలసింది మొదటి ఆపరేషన్ వివరాలు: ఎంత చర్మం తీశారు, కొవ్వు ఎంత తీశారు, కండరాన్ని కదిపారా. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మన దేశంలో వైద్యుల ప్రవర్తనకు సంబంధించిన 2002 నిబంధనలు చెబుతున్నాయి. వాటిని మూడేళ్లే దాచాలన్న నియమం కూడా అందులోనే ఉంది కనుక ఆలస్యం చేయకుండా అడగడం మంచిది. తొందరపడవలసిన పని ఏదైనా ఉంటే ఇదీ.

ఒక కంటికే చేయించుకుంటే చాలన్నది చివరి మాట. రెండు రెప్పలను ఎత్తే కండరాలకూ మెదడు సమానంగా ఆజ్ఞ పంపుతుంది. ఒక రెప్ప వాలి ఉంటే, దాన్ని ఎత్తడానికి అది రెండింటికీ ఎక్కువ బలం పంపుతుంటుంది కాబట్టి బాగున్న కన్ను అసలు ఎత్తు కన్నా పైకి లేచి కనిపిస్తుంది. వాలినదాన్ని ఆపరేషన్‌తో ఎత్తగానే ఆ బలం తగ్గి, రెండోది కిందికి జారుతుంది. అందుకే జాగ్రత్తగల డాక్టరు ముందు వాలిన రెప్పను వేలితో పైకెత్తి పట్టుకుని, లేదా రెప్పను కాసేపు పైకి లేపే ఫినైలెఫ్రిన్ మందు చుక్క అందులో వేసి, రెండో కన్ను ఏమవుతుందో చూస్తారు. ఆపరేషన్‌కు ముందు తీసిన ఫోటోలనూ తెమ్మంటారు. ఇప్పుడు తేడాగా ఉందని చూపిస్తున్న కన్ను పదేళ్ల కిందటి పెళ్లి ఫోటోలోనూ అంతే తేడాగా ఉందని అప్పుడు తెలిసేవారు కొందరుంటారు.