రిఫరెన్సుల లిస్టు గారికి, మండిపడుతూ రాయు లేఖ

మహారాజశ్రీ రిఫరెన్సుల లిస్టు గారి దివ్య సముఖమునకు,

మీరు క్షేమమేనని తెలుసు. ఏ మాట ఏ పుస్తకంలోంచి తెచ్చామో చెప్పే పట్టికగా పేపర్ చివర్లో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఊళ్లో అందరి పేర్లూ కత్తిరించే మీకేం తక్కువండీ. నేను మాత్రం క్షేమం కాదు. పొద్దున్నే జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. గోలకొండ పత్రిక మీద పేపర్ అది, లైబ్రరీల్లో దుమ్ము పీల్చి, పెచ్చులూడిపోతున్న కాగితాలు ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, రాత్రిళ్లు జూమ్ చేసి చదువుకుని రాసింది. రివ్యూయర్ గారు అందులో విషయం గురించి ఒక్క ముక్క అనలేదు, బాగుందనీ లేదు చెత్తగా ఉందనీ లేదు. అన్నీ మీ గురించే. మొదటి కామెంట్ ఎర్ర రంగులో: "ఆథర్ సర్‌నేమ్ తప్పు. రెడ్డి, ఎస్. పి. అని మార్చి పంపగలరు."

ఎవరీ రెడ్డి, ఎస్పీ? ఏ జిల్లాకి?

రెండు నిమిషాలకి గానీ అర్థం కాలేదు, ఆయన అంటున్నది సురవరం ప్రతాపరెడ్డి గారి గురించని. 1926లో గోలకొండ పత్రిక పెట్టి నడిపిన మనిషి. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన మనిషి. తెలుగుకి మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. ఆయన మీ దగ్గరికొచ్చేసరికి రెడ్డి, కామా, ఎస్, చుక్క, పి, చుక్క.

అయ్యా, తమరి రూల్ ఏంటో ఒకసారి తమరే గుర్తు చేసుకోండి. ఇంటిపేరు ముందు రాయాలి, కామా పెట్టాలి, తర్వాత సొంత పేరుని పొడి అక్షరాలు చేయాలి. సరే. ఇంగ్లీషు వాళ్లకి ఇంటిపేరు వెనకాల ఉంటుంది కాబట్టి ముందుకి లాక్కురావడానికి ఆ తిప్పుడు అవసరం, అర్థం చేసుకోగలను. మరి మాకెందుకండీ? సురవరం అనేది ఇంటిపేరు. అది ముందే ఉంది! తమరు కోరుకున్న చోటే, తమరు పుట్టకముందు నుంచీ మేం అలాగే రాసుకుంటున్నాం. తమరు చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండటం. అది మాత్రం తమరి వల్ల కాదు. ఉన్న ఇంటిపేరుని పట్టుకెళ్లి ఎస్ చేశారు, ప్రతాప అనే పేరుని పి చేశారు, చివర తోకలా ఉన్నదాన్ని తీసుకొచ్చి ఇంటిపేరు కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇలా తిప్పుకుంటూ పోతే లిస్టు ఏమవుతుందో చూశారా ఎప్పుడైనా? నాయుడు, రావు, రెడ్డి, శర్మ, శాస్త్రి, స్వామి. అక్షరక్రమంలో చక్కగా, ఎలక్షన్ల ముందు పార్టీ ఆఫీసులో నియోజకవర్గం లెక్క వేసుకున్నట్టు. రీసెర్చ్ పేపర్ చివర ఈ కులాల పట్టిక నేనెందుకు పెట్టాలి? నా పేపర్‌లో సగం చోట్ల ఇదే విషయాన్ని తిట్టాను కూడా.

రావుల సంగతి ఇంకా దారుణం. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, కొమర్రాజు లక్ష్మణరావు, ముగ్గురూ రావే. వాక్యం చివర బ్రాకెట్లో రావు, ఇంకో వాక్యం చివర బ్రాకెట్లో రావు, పక్క పేజీలో మళ్లీ రావు. హైదరాబాద్ రాజ్యంలో జరిగిందంతా ఒక్క రావు గారే చేసి ఆయనే రాసిపెట్టినట్టు ఉంటుంది. ఇంటిపేర్లు కలిస్తే ఇనిషియల్స్ కూడా పెట్టుకోవచ్చని మీరే దయతలిచారు, పెట్టాను. కొమర్రాజు గారు కె. ఎల్. రావు అయ్యారు. కె. ఎల్. రావు అంటే తెలుగోళ్లకి ఎవరండీ? నాగార్జునసాగర్ కె. ఎల్. రావు, పులిచింతల ప్రాజెక్టుకి ఎవరి పేరు పెట్టారో ఆ ఇంజినీరు, కానూరి లక్ష్మణరావు! తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని తపించి 1923లో పోయిన కొమర్రాజుని పట్టుకెళ్లి డ్యామ్ మీద నిలబెట్టారు మీరు. కొమర్రాజు, కానూరి అని మొదటి మాట ఉంచితే చాలు, ఎవరూ పొరబడరు. ఆ ఒక్క మాటే మీకు పడదు, దాన్నే కొరుకుతారు.

గూగుల్‌లో దొరికే, రిఫరెన్సులు వాటంతటవే రాసిచ్చే సైటేషన్ జనరేటర్లు మీ మేనల్లుళ్లే కదా, వాటి సంగతి ఎత్తను. బటన్ నొక్కితే వట్టికోట ఆళ్వారుస్వామి గారిని ఒకటి స్వామి చేసింది, ఇంకోటి ఆళ్వార్ చేసింది, మూడోది ఏమీ తోచక రచయిత లేడంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో తెలుగు యూనివర్సిటీకే సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. దాన్నేం చేస్తారు? గేటు మీద బోర్డు పీకి రెడ్డి, ఎస్. పి. తెలుగు విశ్వవిద్యాలయం అని రాయిస్తారా? చేసినా చేస్తారు.

ఇంకో మాట. 1934లో ఆయనే గోలకొండ కవుల సంచిక అని తెచ్చారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే, ఉన్నారో లేదో చూసుకోమని 354 మంది కవులని ఒక్క పుస్తకంలో పెట్టి చూపించారు. అది సంపాదకుడి పేరుతో లిస్టులోకి ఎక్కింది కాబట్టి బతికిపోయింది. లేకపోతే మీ రూల్ బుక్కు, అదే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల ఏపీఏ, ఏడో ఎడిషన్ ప్రకారం, రచయితలు ఇరవై దాటితే మొదటి 19 మందిని రాసి, మూడు చుక్కలు పెట్టి, చిట్టచివరి ఆయన్ని రాయాలి కదా. 334 మంది కవులు మూడు చుక్కల్లోకి. కవులు లేరన్నాయన కూడా ఇంత శుభ్రంగా మాయం చేయలేదు.

మిగతావి పెద్దగా ఏం అననులెండి. పాత పుస్తకం మీద భావ నామ సంవత్సరం అని ఉంటుంది, అంటే 1934 ఉగాది నుంచి 1935 ఉగాది దాకా, నిజాం సర్కారు రిపోర్టు మీద 1344 ఫసలీ అని ఉంటుంది, దానికి 590 కలుపుకోవాలి, అదీ అక్టోబర్‌లో మొదలై ఇంకో అక్టోబర్‌కి అయిపోతుంది. మీకు మాత్రం బ్రాకెట్లో నాలుగంకెలు కావాలి. పుస్తకం పేరు ఇటాలిక్ చేయమంటారు, తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఏదండీ, వర్డ్ దాన్ని బలవంతంగా పక్కకి తోస్తుంది, ఒత్తులన్నీ పక్క అక్షరం మీద పడి తాగొచ్చినట్టు వాలిపోతాయి. ప్రచురణ స్థలం తప్పనిసరి అని మా గైడ్ గారు పాత ఎడిషన్ చూసి చెబితే ఏ ప్రెస్సు ఏ ఊళ్లో ఉండేదో వెతికి వెతికి పెట్టాను, తీరా 2019లోనే మీరు అది తీసేశారట. 1929లో ఏడు పేజీల రూల్స్ వ్యాసంగా పుట్టినవారు, ఇప్పుడు 400 పేజీలు దాటారు, లోపల ఏం మార్చుకుంటున్నారో మీ ఇంట్లోవాళ్లకైనా తెలుసా?

పోనీ ఇన్ని బాధలు పడి కామాతో సహా కరెక్టుగా రాశానా, సిమిలారిటీ చెక్ చేసే సాఫ్ట్‌వేర్ మిమ్మల్నే కాపీ అంది. 2018 యూజీసీ రూల్స్‌లో రిఫరెన్సులు లెక్కలోకి తీసుకోకూడదని స్పష్టంగా ఉంది, పది శాతం లోపైతే శిక్ష లేదనీ ఉంది. కానీ లైబ్రరీలో ఆ సెక్షన్ చూసే ఆయన ఫిల్టర్ పెట్టలేదు, పెట్టమంటే "రిపోర్ట్ వచ్చేసింది కదమ్మా" అన్నారు. అందరూ రాసినట్టే రాస్తే కాపీ. వేరేగా రాస్తే ఫార్మాట్ తప్పు.

ఇదంతా నవ్వుకుంటూనే భరించేదాన్ని. కానీ మొన్న ఒక సెమినార్‌లో ఓ పేపర్ చదివారు, దాని చివర మీరు ఎంత ముద్దుగా ఉన్నారో. కామాలు, చుక్కలు, ఇటాలిక్కులు, ఇండెంట్, ఒక్కటి తప్పితే ఒట్టు. అందులో రెండు పుస్తకాలు చూడాలనిపించి వెతికితే అసలు అలాంటి పుస్తకాలే లేవు. ఏఐని అడిగితే అల్లి ఇచ్చిందట. ఎవరూ పట్టుకోలేదు, ఎందుకు పట్టుకుంటారు, ఫార్మాట్ కరెక్టుగా ఉంది కదా! లేని రచయిత దర్జాగా లోపలికెళ్లాడు. ఉన్న రచయితని నేను తీసుకొస్తే ఇంటిపేరు సరిగా లేదని గుమ్మంలో ఆపారు. సిగ్గుండాలి కొంచెం. మీరున్నది దేనికి? మనిషి చెప్పింది నిజమా కాదా, కావాలంటే వెళ్లి చూసుకోమని దారి చూపించడానికి. ఆ పని వదిలేసి కామాల దగ్గర కాపలా కాస్తున్నావు నువ్వు.

నిన్ను పూర్తిగా తిట్టలేకపోవడమే నా ఖర్మ. ఓ పాత ఎంఫిల్ థీసిస్ ఉంది, టైప్‌రైటర్ మీద కొట్టింది, అక్కడక్కడా పెన్నుతో దిద్దింది. దాని చివర పేజీల్లో పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు రాసి ఉన్నాయి. ఆ తేదీ పట్టుకుని వెళ్లి అటెండర్‌ని బతిమాలి బైండు తెప్పించి తీస్తే, అదే పేజీలో, ఆ మనిషి చెప్పినచోటే, చెప్పిన సంపాదకీయం ఉంది. నేను పుట్టకముందు ఎవరో రాసిపెట్టి వెళ్లిన అడ్రసు, ఒక్క అంకె కూడా తప్పలేదు. పెద్దగా అరవాలనిపించింది, లైబ్రరీ కాబట్టి ఆగాను. అదీ నువ్వే మరి. ఆ లిస్టులో పేరు సురవరం ప్రతాపరెడ్డి అనే ఉంది, కామా లేదు, పొడి అక్షరాల్లేవు, అయినా నేను దారి తప్పలేదే!

కాబట్టి రివ్యూయర్ గారికి అదే రాశాను, ఇంటిపేరు సురవరం, మార్చను, కావాలంటే పేపర్ వెనక్కి పంపండి అని. మా గైడ్ గారు "ఎందుకమ్మా గొడవ, ఒక్క పేరే కదా" అన్నారు. ఒక్క పేరే సార్, అందుకే.

ఇట్లు,
ఇంటిపేరుతో పిలిస్తేనే పలికే ఒక రీసెర్చ్ స్కాలర్

తా.క.: 1934 పుస్తకానికి డీఓఐ నంబర్ (ఆన్‌లైన్‌లో వ్యాసాలకీ పుస్తకాలకీ ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) ఇవ్వలేదని రెండో కామెంట్. డీఓఐలు వాడుకలోకి వచ్చిందే 2000లో. వాళ్లకేం రాయమంటారో మీరే చెప్పండి, నేను రాస్తే బాగుండదు.