60 ఓమ్‌లు ఎవరికి కావాలి?

2022 ఏప్రిల్ 4న తిరుపతికి సముద్రం వచ్చింది. ఉప్పెన వచ్చి కాదు, ప్రభుత్వ ఉత్తర్వు వచ్చి. 1911లో పుట్టిన చిత్తూరు జిల్లాకు నూరేళ్ళు దాటినా గజం తీరం దక్కలేదు. కొత్త జిల్లా ఏర్పడగానే నెల్లూరు వైపు నుంచి వాకాడు, సూళ్లూరుపేట మండలాలు ఇటు వచ్చాయి. వాటి వెంట తూపిలిపాళెం ఇసుక, పులికాట్ సరస్సు, శ్రీహరికోట, ఒక ముక్క బంగాళాఖాతం కూడా వచ్చేశాయి. ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సముద్రం వచ్చిందని బస్టాండు దగ్గర ఆటో రేటు తగ్గలేదు కదా.

కానీ సముద్రం ఒంటరిగా రాదు, బోట్లను తెస్తుంది. బోట్లు పెట్టెలను తెస్తాయి. జీపీఎస్, లోతు చూపే ఎకో సౌండర్, వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్, చుట్టుపక్కల ఓడలను చూపించే ఏఐఎస్, దిక్కు చెప్పే ఎలక్ట్రానిక్ కంపాస్. పెట్టెకూ పెట్టెకూ మధ్య తీగలు. తీగ కనిపించాక దాని మీద అభిప్రాయం చెప్పకుండా ఉండే అలవాటు మన ఊరికి లేదు. దుగరాజపట్నం దగ్గర పెద్ద ఓడరేవు తొలి దశ 2018 చివరికల్లా పూర్తవుతుందని 2014 పునర్విభజన చట్టంలోనే రాశారు. ఆ సంగతి ఢిల్లీ చూసుకుంటుంది. తీగల సంగతి మనం తేల్చుకుందాం.

నా పక్షం ముందే చెప్పేస్తాను. నేను మన మెకానిక్ పక్షం.

ఇన్వర్టర్లు, సీసీ కెమెరాలు, పెళ్ళిళ్ళకు సీరియల్ లైట్లు బిగించే ఈయన కొంతకాలంగా వాకాడు వైపు వెళ్ళి బోట్ల పని కూడా చేస్తున్నాడు. పేరు రాయను, ఇప్పటికే ఆయన ఫోన్ ఎత్తడం లేదు. కొందరు చదువుకున్నవాళ్ళు ఆయన మీద అభాండాలు వేస్తున్నారు. మాన్యువల్ చదవడట, కొలవడట, రంగు చూసి కలిపేస్తాడట. వీటిని ఖండించడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

రంగుల మాటే తీసుకోండి. బోట్లలో పెట్టెలు మాట్లాడుకునే పాత పద్ధతి పేరు ఎన్‌ఎంఈఏ 0183. అమెరికాలో 1957లో మొదలైన నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ దీన్ని 1983లో తెచ్చింది. పెట్టె పంపే సందేశ వాక్యం డాలర్ గుర్తుతో మొదలవ్వాలని రాశారు. 82 అక్షరాలు మించకూడదని రాశారు. వేగం 4800 బాడ్, అంటే సెకనుకు 4800 బిట్లు, అని రాశారు. ఇన్ని రాసినవాళ్ళు తీగ ఏ రంగులో ఉండాలో మాత్రం రాయలేదు. అందుకని ఒక కంపెనీ పెట్టెలో డేటా బయటికి పంపే తీగ రంగే ఇంకో కంపెనీ పెట్టెలో డేటా అందుకునే తీగకు ఉండొచ్చు. ఇలాంటి అరాచకంలో నీలాన్ని నీలానికి, గోధుమ రంగును గోధుమ రంగుకు కలిపి వచ్చిన మన మెకానిక్ చూపింది కంపెనీలేవీ చూపని క్రమశిక్షణ.

ఫలితంగా జీపీఎస్ మాట్లాడే తీగ వెళ్ళి వైర్‌లెస్ మాట్లాడే తీగకు తగిలింది. ఇద్దరూ మాట్లాడేవాళ్ళే, వినేవాడు లేడు. ఈ పద్ధతిలో ఒక జత తీగల మీద ఒక్కరే మాట్లాడాలి, వినేవాళ్ళు కొందరుండొచ్చు. ఒకరి మాట తీగ ఇంకొకరి విను తీగకు చేరాలి. బోటు ఆసామి పాపం, "ఏందబ్బయా, వైర్‌లెస్ తెర మీద మన చోటు చూపించటంలా?" అన్నాడు. మన మెకానిక్ జవాబు నాకు ఎంతో నచ్చింది. "తీగలు కలిసుండాయి కదన్నా. ఇంక వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకోకపోతే నేనేం చేసేది?"

దీనిలో ఇంకో మెలిక ఉంది. కొత్త పెట్టెల్లో మాటకు ఏ, బీ అని రెండు తీగలుంటాయి. ఒకదాని మీద వోల్టేజీ పైకి పోతే రెండోదాని మీద కిందికి వస్తుంది, వినేవాడు ఆ తేడాను చదువుకుంటాడు. ఏ, బీ తారుమారైతే మాట తలకిందులై చెత్తగా వినిపిస్తుంది. మరీ పాత పెట్టెలకు మాట తీగ ఒక్కటే, రెండోది గ్రౌండ్. కొత్తదాన్ని పాతదానికి కలిపేటప్పుడు కొత్తదాని బీ తీగను దేనికీ తగలకుండా వదిలేయాలట. తీగను ఖాళీగా వదిలేసి రావడమా? చేసిన పనికి డబ్బు తీసుకునే మనిషి అలా వదిలేస్తాడా? గ్రౌండ్‌కు గట్టిగా మెలిపెట్టి కట్టాడు. లోపలి చిప్ వేడెక్కిందంటే అది చిప్ బలహీనత.

వేగం విషయంలోనూ అపార్థాలే. మామూలు పెట్టెలకు 4800, ఏఐఎస్‌కు 38400. పంపేవాడు ఒక వేగంలో, వినేవాడు ఇంకో వేగంలో ఉంటే ఒక్క అక్షరమూ దక్కదు. మెనూలో అన్నిటికంటే పెద్ద అంకె 115200 కనిపిస్తే దాన్నే ఎంచుకోవడం విశాల హృదయానికి గుర్తని నా అభిప్రాయం. పైగా ఈ పెట్టెలకు మర్యాద లేదు. ప్రతి వాక్యం చివర నక్షత్రం గుర్తు పక్కన తనిఖీ కోసం రెండు అక్షరాలుంటాయి. అవి లెక్కకు సరిపోకపోతే వినే పెట్టె ఆ వాక్యం మొత్తాన్ని పారేస్తుంది. నోటీసు ఇవ్వదు, రిమార్కు రాయదు, ఫలానా పత్రం జతచేసి మళ్ళీ రమ్మని చెప్పదు. మన ఆఫీసులే నయం.

ఇప్పుడు ఇస్రోను తలుచుకోవాలి. 2013 జూలై 1న పీఎస్‌ఎల్‌వీ-సీ22 మన శ్రీహరికోట నుంచే మన సొంత జీపీఎస్ లాంటి నావిక్ వ్యవస్థకు మొదటి ఉపగ్రహాన్ని తీసుకుపోయింది. ఆ వరస ఉపగ్రహాలు సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. జీపీఎస్ వాక్యాలు డాలర్ గుర్తు తర్వాత "జీపీ" అక్షరాలతో మొదలైనట్టే నావిక్ వాక్యాలకు "జీఐ" అని ఎన్‌ఎంఈఏ వాళ్ళు గౌరవంగా కేటాయించారు. ఆ సంకేతం అంత ఎత్తునుంచి మబ్బులూ వానలూ దాటి బోటు కప్పు మీది యాంటెనాలో చక్కగా పడుతుంది. అక్కడి నుంచి వైర్‌లెస్ పెట్టెకు రెండడుగులు. ఆ రెండడుగుల్లో ఆగిపోతుంది.

తప్పెవరిదని ఆసామి కనుక్కోబోయాడు. జీపీఎస్ అమ్మినవాళ్ళు మా తెర మీద అక్షాంశం, రేఖాంశం కనిపిస్తున్నాయి కాబట్టి మా పెట్టె బాగుంది అన్నారు. వైర్‌లెస్ అమ్మినవాళ్ళు మాకు డేటా అందలేదు, అందితే చూపిస్తాం, కాబట్టి మా పెట్టె కూడా బాగుంది అన్నారు. తీగ అమ్మిన షాపు మేం మీటరు లెక్కన అమ్ముతాం, మాటల లెక్కన కాదు అంది. ముగ్గురూ నిజమే చెప్పారు. ఎవరి వారంటీ కిందికీ, ఏ శాఖ పరిధిలోకీ రాకుండా మన దేశంలో మిగిలిన స్వతంత్ర భూభాగం పెట్టెకూ పెట్టెకూ మధ్య ఉన్న ఆ రెండడుగులే.

ఇక కొత్త పద్ధతి, ఎన్‌ఎంఈఏ 2000. కార్ల కోసం బాష్ కంపెనీ తయారుచేసిన క్యాన్ పద్ధతి దీనికి పునాది. బోటు పొడుగునా ఒక వెన్నెముక తీగ, దానికి అక్కడక్కడా టీ ఆకారపు ముక్కలు, ఒక్కో ముక్క నుంచి ఒక్కో పెట్టెకు ఆరు మీటర్లు మించని కొమ్మ. అందరూ ఒకే తీగ మీద మాట్లాడొచ్చు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే చిన్న నంబరున్న సందేశం ముందుకు పోతుంది, పెద్ద నంబరుది నోరు మూసుకుని తీగ ఖాళీ అయ్యేదాకా ఆగుతుంది. వీఐపీ బ్రేక్ మొదలైతే సర్వదర్శనం క్యూ ఎందుకు ఆగుతుందో తెలిసిన ఊరికి దీన్ని ఇంతకంటే వివరించక్కర్లేదు. కాకపోతే ఇక్కడ సిఫార్సు ఉత్తరం చెల్లదు. చుక్కాని కోణం ముందు, క్యాబిన్ వేడి వెనక. ఎవరు ఫోన్ చేసినా అంతే.

ఇందులో తీగల రంగులు ఖాయం చేశారు. ఎరుపు 12 వోల్టులు, నలుపు నెగటివ్, తెలుపు క్యాన్ హై, నీలం క్యాన్ లో. మాటలు నడిచేది ఈ చివరి రెండింటి మీదే. 0183 దగ్గర రంగును నమ్మి దెబ్బతిన్న మన మెకానిక్, రంగును నమ్మాల్సిన ఒకే ఒక్క చోట నమ్మడం మానేశాడు. అనుభవం నేర్పిన పాఠాన్ని తప్పు పట్టే హక్కు మనకు లేదు.

అసలు గొడవ మూతల దగ్గర. వెన్నెముకకు రెండు చివరలా టెర్మినేటర్ అని ఒక్కో మూత పెట్టాలి. దాని లోపల 120 ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే ఉంటుంది, ఇంకేమీ లేదు. దాని నుంచి తీగ ఎక్కడికీ పోదు. తీగ లేని మూతను చూసి దుమ్ము పడకుండా పెట్టిందనుకుని ఒకటి పీకి స్పేరుగా దాచిపెట్టాడు. ఇందులో పొదుపు కనిపించనివాళ్ళకు ఏం చెప్పగలం? చదువుకున్నాయన వచ్చి కరెంటు ఆపి, తెల్ల తీగకూ నీలం తీగకూ మధ్య మల్టీమీటర్ పెట్టాడు. రెండు మూతలూ సమాంతరంగా ఉంటే 120లో సగం, 60 ఓమ్‌లు రావాలట, 120 వచ్చింది. రావాల్సినదానికి రెట్టింపు వచ్చింది! జీతమైనా, దిగుబడైనా, మార్కులైనా రెట్టింపు వస్తే దండ వేస్తాం. ఇక్కడ మాత్రం ఒక చివర మూత లేదని నిందవేశారు. 40 వస్తే ఎవడో మూడో మూత పెట్టాడని అర్థమట. అంటే ఎక్కువ పెట్టినా తప్పే, తక్కువ పెట్టినా తప్పే. ఇలాంటి శాస్త్రంతో పేదవాడు ఎలా బతకాలి?

మూత లేని చివరకు వెళ్ళిన సంకేతం ప్రతిధ్వనిలా వెనక్కి వచ్చి వెనకాల వచ్చే మాటను చెడగొడుతుందని వాళ్ళ వాదం. మరి చిన్న బోటులో ఒక్క మూతతోనే చాలా రోజులు అన్నీ పనిచేశాయి కదా? పనిచేశాయి. ఇంకో రెండు పెట్టెలు చేర్చి, తీగ కాస్త పెంచి, తీరం కనుమరుగయ్యాక మొరాయించాయి. ఒడ్డున ఉన్నంతసేపు బాగుందన్న వాస్తవాన్ని మాత్రం ఎవరూ కాదనలేరు.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది. తీగ సన్నదైతే పెట్టె దాకా వెళ్ళేసరికి ఇంకా పడిపోతుంది. 9 వోల్టుల కంటే తగ్గితే పెట్టెలు ఆరిపోయి మళ్ళీ వెలుగుతాయి. మన మెకానిక్ దీన్ని "ఆటోమేటిక్ రీస్టార్ట్" అని చెప్పి అమ్మాడు.

తీగ నాణ్యత మీద కూడా ఒక విమర్శ ఉంది. బోటు తీగలో ప్రతి రాగి పోగుకూ కళాయి పూసి ఉండాలట. దాని ధర చెబితే ఆసామి నోరు తెరిచాడు. అందుకని ఇంటి వైరింగ్‌లో మిగిలిన తీగే వేసి, అతుకుల మీద నల్ల టేపు చుట్టాడు. ఉప్పుగాలికి రాగి లోలోపల చిలుము పట్టి పచ్చబడింది. బయటి నుంచి చూస్తే కొత్త తీగే. టేపు మాత్రం తన పని తాను చేసింది. లోపలికి పోయిన ఉప్పునీటిని బొట్టు కూడా బయటికి రానివ్వలేదు.

రిపేరు పద్ధతిలోనూ తేడాలున్నాయి. లాప్‌టాప్ తగిలించి వాక్యాలు వస్తున్నాయో లేదో చూడమనీ, ఒక్కో పెట్టెనూ పీకి ఏది పీకితే మిగతావి బాగుపడతాయో గమనించమనీ చదువుకున్నవాళ్ళు చెబుతారు. దీనికి సమయం పడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజుల్లో ఎవరికీ తీగలు గుర్తుకు రావు. జూన్ 14 సాయంత్రం అందరికీ ఒకేసారి గుర్తొస్తాయి. టెన్షన్ అంతా మన మెకానిక్‌దే. ఆయన తీగను పట్టుకుని ఊపాడు. తెర వెలిగింది. ఊపడం ఆపి బిల్లు రాశాడు. తెల్లారి బోటు బయల్దేరాక ఊపడం సముద్రం అందుకుంది.

ఆఖరి అభియోగం ఎర్ర బటన్ గురించి. డీఎస్‌సీ, అంటే ఆపద కబురును డిజిటల్‌గా పంపే ఏర్పాటు, ఉన్న వైర్‌లెస్ పెట్టె మీద చిన్న మూత కింద ఈ బటన్ ఉంటుంది. ఆపదలో దాన్ని కొన్ని సెకన్లు నొక్కి పడితే ఛానల్ 70లో కేక వెళ్తుంది. ఆ కేకలో బోటు తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్య, మన దేశానికైతే 419తో మొదలయ్యేది, దాంతోపాటు బోటు ఉన్న చోటు, సమయం ఉంటాయి. చోటు ఎక్కడి నుంచి రావాలి? ఆ రెండడుగుల తీగలోంచి. తీగ పలకకపోయినా, చేత్తో ఎవరూ కొట్టకపోయినా ఆ గడి ఖాళీగా పోదు. తొమ్మిది అంకె పదిసార్లు, సమయం దగ్గర ఎనిమిది నాలుగుసార్లు నింపి పంపుతుంది. 9999999999, 8888. రవాణా శాఖ వేలంలో నాలుగు తొమ్మిదుల కోసం కారు ఖరీదుకు సమానంగా పాడుకునేవాళ్ళున్న రాష్ట్రంలో పది తొమ్మిదులు ఉచితంగా వస్తున్నాయి. కోస్ట్ గార్డు వాళ్ళు ఆ తొమ్మిదులను పటం మీద ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకుంటే దానికి మన మెకానిక్ బాధ్యుడా? ఆయన ఆ టైముకు ఇంకో ఊళ్ళో పెళ్ళి లైట్లు కడుతున్నాడు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపాలు కొన్ని. 60 ఓమ్‌ల నిబంధనను "60 లేదా ఆపైన" అని సవరించాలి. నల్ల టేపును జిల్లా ఉత్పత్తుల జాబితాలో చేర్చే విషయం పరిశీలించాలి. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఉన్న ఆ రెండడుగులకు తిరుపతి కేంద్రంగా ఒక ప్రత్యేకాధికారిని నియమించాలి. ఆయనకు కారు ఇవ్వండి, ఆఫీసు ఇవ్వండి, ఇద్దరు గుమాస్తాలను ఇవ్వండి. మల్టీమీటర్ మాత్రం ఇవ్వొద్దు. ఇస్తే కొలుస్తాడు.