మోకాళ్ల నొప్పికి మంచమే మందా?

'మోకాళ్ల గుజ్జు అరిగినవాళ్లు వ్యాయామం చేస్తే ఉన్నది కూడా పోతుంది. పొట్ట, నడుం వ్యాయామాలకీ మోకాలికీ సంబంధమే లేదు. మెట్లు జన్మలో ఎక్కొద్దు. బెండకాయ నానబెట్టిన నీళ్లు తాగితే గుజ్జు మళ్లీ వస్తుంది.' ఈ వాట్సాప్ మెసేజీ మా చుట్టాల గ్రూపులోకి వచ్చింది, నా దగ్గరికి వచ్చే పేషెంట్ల ఫోన్లలోనూ ఉంది. తిరుపతిలో ఫిజియోథెరపీ చేసేవాణ్ణి, ఊరుకునేదానికి కాలేదు.

బెండకాయ సంగతి ముందు తేల్చేద్దాం. ఆ జిగురు కడుపులోకి పోతుంది, మోకాల్లోకి కాదు. పులుసు పెట్టుకోండి, బాగుంటుంది.

గుజ్జు అరిగిపోతుందనే భయం మాత్రం చాలామందిని మంచమెక్కిస్తోంది. మనం గుజ్జు అనేది ఎముక చివర ఉండే నున్నటి పొరని. దానికి రక్తనాళాలు లేవు, కీలులో ఉండే ద్రవమే దాని తిండి. కాలు మోపితే పొర నొక్కుకుంటుంది, ఎత్తితే ద్రవాన్ని పీల్చుకుంటుంది. పడుకునే ఉంటే ఆ తిండి తగ్గుతుంది, తొడ కండ కూడా కరిగిపోతుంది. అమెరికాలో కీళ్ల జబ్బుల డాక్టర్ల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, 2019 మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదలకి వ్యాయామాన్ని గట్టిగా సిఫారసు చేసింది.

ఇక 'సంబంధమే లేదు' అన్న మాట. అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడండి, పక్కన గోడ ఉండాలి. పొట్ట, నడుం, పిరుదు పక్క కండరాలు బలహీనమైతే ఎత్తిన కాలి వైపు నడుం జారుతుంది, నిలబడిన మోకాలు లోపలికి వాలుతుంది. అడుగడుగుకీ అదే జరిగితే మోకాలు ఏమైపోవాలి? అలిపిరి దారిలో 3550 మెట్లు. ఒక పెద్దమ్మ నాతో అనింది: 'ఎక్కేది ఎట్లో ఎక్కేస్తా నాయనా, దిగేదే చావు!' వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, పిరుదులు ఎత్తమన్నాను, ఊపిరి బిగబట్టకుండా అయిదు అంకెలు. పొట్ట మీద పెట్టిన ఫోను మూడో అంకెకే ఎడమపక్కకి జారి చాప మీద పడింది. రెండు నెలలకి ఫోను కదల్లేదు. కొండకి ఇంకా నడిచి పోలేదు గానీ, మిద్దె మెట్లు కమ్మీ పట్టుకోకుండా దిగుతోంది.

అట్లని పొట్ట వ్యాయామం ఒక్కటే చాలదు. కాలు చాపి ఎత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం కూడా చేయించాను. అసలు పని తొడ కండరాలదే.

మెట్ల మాటలో కొంత నిజముంది: వాపు ఉన్నన్నాళ్లు తగ్గించండి. జన్మంతా మానక్కర్లేదు. ఒళ్లు ఎక్కువున్నవాళ్లు కిలో తగ్గితే అడుగుకి మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. మోకాలు ఎర్రగా కాలిపోతున్నా, జ్వరమొచ్చినా, మడత పడి బిగుసుకుపోయినా నా చాప దగ్గరికి కాదు, ముందు డాక్టరు దగ్గరికి పోండి.