వేదిక భయమా? వారంలో మాయం!

రావులపాలెం నుంచి అమలాపురం పోయే దారిలో ఈ మధ్య ఫ్లెక్సీలు వెలిశాయి. వారం రోజుల్లో వేదిక భయం పోగొట్టి ఎవరినైనా వక్తను చేస్తారట. గిట్టనివాళ్లు అప్పుడే నోరు నొక్కుకుంటున్నారు, గోదావరి వాళ్లకు మాటలు నేర్పడం చేపపిల్లకు ఈత నేర్పడమేనని. వాళ్లు లోతుగా ఆలోచించలేదు. అరుగు మీద మాట్లాడేవాణ్ణి ‘ఇక ఊరుకోవయ్యా’ అని ఎవరైనా ఆపగలరు. అదే మనిషి చేతికి మైకు వచ్చిందా, ఆపే హక్కు ఊళ్లో ఎవరికీ ఉండదు. ఈ ఒక్క లాభం చాలదా, ఎంత ఫీజైనా కట్టడానికి?

ఇక మే 15న జరిగే కాటన్ జయంతి సభల సంగతి చూడండి. 1803లో ఆ రోజున పుట్టిన కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశారు. ఈ ముక్క చెప్పడానికి మా వక్తలకు పూట చాలదు. నడివేసవిలో మరమ్మతుల కోసం కాలువలనైనా కట్టేస్తారు గానీ ఉపన్యాసాలకు ఆ ఏర్పాటు లేదు. వేదిక మీద ఇరవై కుర్చీలు. లేచిన ప్రతివారూ ‘వేదికను అలంకరించిన’ తక్కిన పందొమ్మిది మందినీ పేరుపేరునా తలుచుకోవాలి. లెక్క కడితే 380 సంబోధనలు. దండ వేయించుకున్న దొరగారి పేరు అందులో ఇంకా రానే లేదు.

అలాంటి సభలోనే ఒక నిర్వాహకుడు నక్కినక్కి వెళ్లి వక్తగారి చేతిలో చీటీ పెట్టాడు. ఆయన ప్రసంగం ఆపి, జేబులోంచి కళ్లజోడు తీసి, కండువా కొసతో తుడిచి పెట్టుకుని, చీటీని రెండువైపులా చదివారు. ‘భోజనాలు సిద్ధమని గుర్తుచేస్తున్నారు. అందుకే క్లుప్తంగా ముగిస్తాను’ అని శాతవాహనుల దగ్గర నుంచి అందుకున్నారు. షామియానా వెనక పులిహోర గిన్నె మీది మూత తీయడం, జనం వంక చూడటం, మళ్లీ పెట్టడం తప్ప వంటవాళ్లకు వేరే పని లేకపోయింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తన ఘాటు తాను పెంచుకుంటూ ఉంది. అంతటి నిబ్బరం పుట్టుకతో వచ్చేది కాదు, శిక్షణతోనే రావాలి.

అయితే పాఠ్యాంశాల విషయంలో జాగ్రత్త అవసరం. 1924లో అమెరికాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన ప్రసంగాలు సాధన చేసేవాళ్ల కోసం టోస్ట్‌మాస్టర్స్ సంఘం పెట్టాడు. అక్కడి పద్ధతిలో మామూలు ప్రసంగానికి అయిదో నిమిషాన పచ్చదీపం, ఆరో నిమిషాన పసుపు, ఏడో నిమిషాన ఎరుపు. ‘ఆ’లూ ‘ఊ’లూ లెక్కపెట్టడానికి మరో మనిషి! మా దగ్గర పచ్చదీపం వెలిగేసరికి వక్త ఇంకా వేదిక మీది పదకొండో పెద్ద దగ్గరే ఉంటాడు. ఆ దీపాల పాఠాన్ని డెల్టా వరకు మినహాయించాలి.

ఒకప్పుడు మరో ప్రమాదమూ ఉండేది. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడితే చిలకమర్తివారు తెలుగులో చెప్పారు. ఫలితం? విద్యార్థులు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి వెళ్లగొట్టారు. ఉపన్యాసం విన్నవాళ్లు ఏదో ఒకటి చేసేసే రోజులవి. ఇప్పుడు ఆ ముప్పు బొత్తిగా లేదు. శాలువా వక్తకు, జ్ఞాపిక వక్తకు, మర్నాటి పేపర్లో ఫొటో వక్తకు. విన్నవాడికి నడుం నొప్పి తప్ప వేరే నష్టం జరిగినట్లు నేను వినలేదు.

శిక్షకులకు ఒక్క మనవి. మైకు సెట్టు కుర్రాళ్లను దగ్గరకు రానీయకండి, వాళ్లకు సభామర్యాద తెలియదు. మొన్న ఒక ఊళ్లో వందన సమర్పణ మంచి ఊపు మీదుండగా మైకు మూగబోయింది. జనరేటరులో డీజిల్ అయిపోయిందన్నాడు కుర్రాడు. అయిదు నిమిషాల్లో సభంతా బంతిలో కూర్చుంది. చేసేది లేక వక్తగారు విస్తళ్ల మధ్య తిరుగుతూ మిగిలిన పేర్లు చదివారు. తరువాత చూస్తే డీజిల్ డబ్బా నిండుగా ఉంది. కుర్రాడి మీద చర్య తీసుకోవాలని సన్మాన సంఘం ఆ సాయంత్రమే తీర్మానం ప్రవేశపెట్టింది. దాని మీద మాట్లాడవలసిన పెద్దలు ఇంకా పదహారుగురున్నారు.