చేతిపని అనేది సాకు కాదు

పార్సిల్ విప్పగానే నా నోట వచ్చిన మొదటి మాట, "అయ్యో, రంగు ఒకేలా లేదే!"

పార్టీలకని చేయించుకున్న పట్టు గౌను అది. అద్దకం, ఎంబ్రాయిడరీ, కుట్టు అన్నీ ఒకే డిజైనర్ సొంతంగా చేసింది. నడుము దగ్గర ముదురు నీలం, కింది అంచుకొచ్చేసరికి దాదాపు తెలుపు. బాగానే ఉంది కానీ, ఎడమవైపు నీలం రెండు వేళ్లు ఎక్కువ కిందికి దిగింది. ఫొటో తీసి పంపుదామని ఫోన్ అందుకున్నదాన్నే, ఎందుకో గౌను తిరగేసి చూశాను.

పువ్వుల వెనకవైపు ఒక్క దారం కూడా ఈ పువ్వు నుంచి ఆ పువ్వుకి ఈడ్చి లేదు. ప్రతిచోటా తెంపి, కొసని కుట్ల కిందికే దోపేసింది. పల్చటి పట్టులో ఈడ్చిన దారం ముందువైపుకి నీడలా కనిపిస్తుంది మరి. పైగా పట్టులో సూది దిగిన రంధ్రం అంత తేలిగ్గా పూడదు, తప్పు కుట్టి విప్పుదామంటే మచ్చ మిగులుతుంది. దారం కూడా గుడ్డతోపాటు అదే నీలంలో ముంచిందట. అయినా రేకులు వేరే రంగులా మెరుస్తాయి, కుట్టు ఎటు వాలితే వెలుతురు అటు జారుతుంది కదా.

ఇక రంగు సంగతి. పట్టు కూడా మన జుట్టులాగే ప్రోటీన్. యాసిడ్ రంగు అనే రసాయన రంగులో కాస్త వెనిగర్ వేసి వేడి తగిలిస్తే గట్టిగా పట్టేస్తుంది. చిక్కంతా అక్కడే, ముందు తడిసిన చోటు ముందే తాగేస్తుంది. ముడిపట్టు బరువులో దాదాపు నాలుగో వంతు ఉండే సెరిసిన్ అనే పట్టుపురుగు జిగురు ఎక్కడైనా సరిగా పోకపోయినా అక్కడ రంగు తేడాగా పడుతుంది. కాబట్టి "నాకూ అచ్చం అలాంటిదే కావాలి" అని అడగడం న్యాయం కాదు.

(రసాయన రంగు వాడితే అది చేతి అద్దకమే కాదనే వాళ్లున్నారు. ఆ వాదన నాకు ఎక్కదు. 1856లో 18 ఏళ్ల ఇంగ్లిష్ రసాయన విద్యార్థి విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ చేయబోయి ఊదా రసాయన రంగు చేసినప్పుడు అద్ది చూసుకున్నదీ పట్టు మీదే.)

అలాగని అన్నిటికీ తలాడించను. అంతకుముందు ఇంకొకరి దగ్గర కొన్న మెరూన్ గౌను వేసుకున్న రాత్రే, చెమటకి చంకల కింద రంగు దిగి లోపలి బట్టలన్నీ పాడయ్యాయి. అడిగితే, "చేతి అద్దకం అంతేనండీ" అన్నారు. అంతే ఎందుకవుతుంది? ఛాయలో తేడా రావడం వేరు, రంగు వదలడం వేరు. రంగు సరిగా పట్టించకపోయినా, మిగిలింది పోయేదాకా జాడించకపోయినా వచ్చే లోపం అది. దానికి చేతిపని అని పేరు పెడితే, నిజంగా ఒళ్లొంచి చేసేవాళ్లకే అవమానం.

నీలం గౌను లోపలి కుట్టు మడత మీద తడిపిన తెల్ల నూలుగుడ్డతో గట్టిగా రుద్దాను. గుడ్డ తెల్లగానే ఉంది. అప్పుడు ఫోన్ చేసి, ఎడమవైపు కావాలనే అలా చేశారా అని అడిగాను. ఆవిడ నవ్వేసింది.

"లేదండీ, తడి పట్టు బరువు. ముంచి పట్టుకున్నప్పుడు ఎడమ చెయ్యి కాస్త వాలిపోయింది."